ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి

అందరికీ నమస్కారం. ముందు వరసలో పాప ఒళ్ళో చిన్న పంజరం ఉంది, దాని మీద కప్పిన చున్నీ అలాగే ఉంచమ్మా, తీయకు. ఇంతమంది మనుషుల్ని, ఈ మైకు చప్పుడుని ఒకేసారి తట్టుకోవడం లోపలున్న పక్షికి కష్టం. నువ్వు అడగాలనుకున్నది చివర్లో అడుగుదువుగాని, సరేనా?

మనిషంటే బెదిరే పెంపుడు పక్షిని మచ్చిక చేసుకోవడం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. మా చిట్టి సంగతితో మొదలుపెడతాను. చిట్టి కాకటీల్, అంటే చిలక జాతిలోనే ఒక చిన్న పక్షి, మగది. ఒళ్ళంతా బూడిద రంగు, ముఖం పసుపు, రెండు బుగ్గల మీద నారింజ రంగు చుక్కలు. మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు వాళ్ళు వేరే ఊరికి బదిలీ అయి వెళ్తూ మాకిచ్చారు. వాళ్ళకంటే ముందు ఇంకో ఇంట్లో ఉందట, అంతకుముందు దుకాణంలో. అంటే ఏడాదిన్నర వయసుకే మా ఇల్లు దానికి నాలుగో చోటు. రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. వచ్చిన రోజు నుంచి పంజరంలో వెనక మూల కర్ర మీద, గోడకి అంటుకుపోయినట్టు కూర్చునేది, మేం హాల్లో ఉన్నంతసేపూ గింజ ముట్టేది కాదు. మేం పడుకున్నాక చీకట్లో టిక్ టిక్ మని గింజలు ఒలిచే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు విని మా అమ్మ "తింటోందిలే పాపం" అనేది, నాకు మాత్రం కడుపులో దేవినట్టుండేది, మనల్ని చూసి ఇంతగా భయపడే ప్రాణిని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నాం అని.

ఇక్కడ చాలామంది ఇళ్ళలో ఇలాంటి పక్షి ఉందనే మీరు వచ్చారు. కాకటీల్ కావచ్చు, కాన్యూర్ కావచ్చు, మనవాళ్ళు లవ్ బర్డ్స్ అని పిలుచుకునే బడ్జీలు కావచ్చు. చెయ్యి పెడితే కరుస్తుంది, బుస కొడుతుంది, లేదా పంజరమంతా కొట్టుకుంటుంది. దుకాణంలో అయితే "వారంలో మచ్చికైపోతుంది" అని చెప్పి ఇస్తారు. వారం కాదు, నెలలు పట్టొచ్చు. కానీ కాకటీల్‌ని బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు కూడా బతుకుతుంది, ఆ లెక్కన నాలుగైదు నెలలు పెద్దవేం కావు.

అసలు భయం ఎందుకో ముందు చూద్దాం. చిలక జాతి పక్షులన్నీ వేటాడే రకం కాదు, వేటకి గురయ్యే రకం. కళ్ళు చూడండి, తలకి అటొకటి ఇటొకటి ఉంటాయి, అంటే దాదాపు చుట్టూ కనిపిస్తుంది, ఎటునుంచి ఏ గద్ద వస్తుందో తెలియాలి కాబట్టి. మన కళ్ళు రెండూ ముందుకే ఉంటాయి, పిల్లికి ఉన్నట్టు, గుడ్లగూబకి ఉన్నట్టు. మనం ప్రేమగా పంజరం ముందు నిలబడి రెండు కళ్ళతో తేరిపార చూస్తూ "ఏరా బంగారం" అంటాం. దానికి అందేది మన ప్రేమ కాదు, ఆ చూపు. పైగా మన చెయ్యి ఎటునుంచి వెళ్తుంది? పైనుంచి. డేగ వచ్చేదీ పైనుంచే. దుకాణంలో పంజరంలోకి చెయ్యి పెట్టి వెంటపడి ఒడిసి పట్టుకుని అట్టపెట్టెలో వేసి ఇచ్చిన ఆ రోజు దానికి చెయ్యంటే ఏంటో తెలిసిపోయింది, ఇప్పుడు మనం ఆ పాఠాన్ని మరిపించాలి. మాటలతో మరిపించలేం. చెయ్యి వచ్చిన ప్రతిసారీ చెడు జరగకపోతేనే, మంచే జరిగితేనే మరిచిపోతుంది.

మధ్యలో ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. మన రామచిలకల గురించి. పచ్చగా, మెడలో పట్టీతో, జామచెట్టు మీద వాలేవి, వాటిని ఇంట్లో పెంచడం, కొనడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలక జోస్యం వాళ్ళ చేతిలో చూసి పెరిగాం కాబట్టి మనకది మామూలుగా అనిపిస్తుంది. పోయిన జన్మలో చిలకని పంజరంలో పెట్టినందుకే రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఉన్నాడని కథ చెప్పుకునే వాళ్ళం మనం, మనకి వేరే చెప్పాలా? గూట్లోంచి పడిన పిల్ల దొరికితే అటవీశాఖ వాళ్ళకి అప్పగించండి. నేను చెప్పేదంతా బోనుల్లోనే పుట్టి పెరిగిన, చట్టం ఒప్పుకునే పక్షుల గురించి.

చిట్టి దగ్గరికి వస్తాను. మా హాల్లో రెండడుగుల టైల్స్ ఉన్నాయి. మొదటి పని నేను చేసింది ఏంటంటే, ఎంత దూరంలో కూర్చుంటే అది నన్ను పట్టించుకోకుండా ఉంటుందో కనుక్కోవడం. కుర్చీ ఒక్కో టైలు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. నాలుగో టైలు దగ్గర, అంటే ఎనిమిది అడుగుల దూరంలో, దాని ఒళ్ళు కాస్త వదులైంది, బిగదీసుకున్న ఈకలు మామూలుగా అయ్యాయి. అదే మా గీత. బడి నుంచి వచ్చాక రోజూ అక్కడ కూర్చుని, దానికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి, పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకునేదాన్ని. మెల్లగా పైకి చదువుతూ. దాని వైపు చూడాలనిపిస్తే ఒక కంటితో, ఓరగా చూసేదాన్ని. ఇంతే. ఐదో రోజో ఆరో రోజో, నేను అక్కడుండగా కప్పు దగ్గరికి దిగి రెండు గింజలు తింది. దిద్దుతున్న పెన్ను అలాగే ఆగిపోయింది. మీ ముందు మొదటిసారి తిన్న గింజని తక్కువగా చూడకండి, ఎందుకంటే వేటకి గురయ్యే ప్రాణి భయపడుతూ తల వంచి తినదు.

అప్పుడు కుర్చీ ఒక టైలు ముందుకి జరిపాను. బిగుసుకుపోయింది. వెనక్కి జరిపాను. నేను మీకు చెప్పాలనుకున్నదంతా ఆ వెనక్కి జరపడంలోనే ఉంది. మనం మచ్చిక అంటే ముందుకి వెళ్ళడం అనుకుంటాం, ఇవాళ ఇంత, రేపు ఇంకొంత. పక్షి లెక్క వేరు. "నేను వద్దన్నాను, ఈ మనిషి ఆగింది" అనేది దానికి తెలియాలి. వద్దంటే వినే మనిషి అని తెలిశాక ఇక కరవాల్సిన అవసరం దానికి ఉండదు. కరవడం దాని చివరి మాట. అంతకుముందు అది పది మాటలు చెప్పే ఉంటుంది, మనం వినం.

ఆ మాటలేంటో కాకటీల్ వరకూ చెప్తాను, ఎందుకంటే తల మీద తురాయి ఉంది కాబట్టి చదవడం సులువు. తురాయి నిక్కబొడుచుకుని నిటారుగా ఉందంటే ఉలిక్కిపడింది, లేదా దేన్నో గట్టిగా గమనిస్తోంది. సగం వాలి, చివర మాత్రం కాస్త పైకి వంగి ఉందంటే స్థిమితంగా ఉంది. తలకి పూర్తిగా అంటుకుపోయి, నోరు తెరిచి, ఒళ్ళు ముందుకి వంచి బుస కొడుతోందంటే, తరవాత వచ్చేది కాటే. ఇవన్నీ పెద్ద గుర్తులు. వీటికంటే ముందు చిన్నవి ఉంటాయి: మీ చెయ్యి కదలగానే కర్ర మీద అరంగుళం పక్కకి జరగడం, ఒళ్ళు సన్నగా బిగించడం, ఒక కాలి మీద నిలబడింది కాస్తా రెండో కాలు దించేయడం. ఈ కాలు దించడం దగ్గరే మీరు ఆగిపోగలిగితే బుస దాకా రాదు. సంతోషానికీ గుర్తులున్నాయి. ఈకలు దువ్వుకోవడం, ఒళ్ళంతా ఒక్కసారి దులుపుకోవడం, నిద్రకి ముందు కళ్ళు సగం మూసి ముక్కు పైదీ కిందదీ రాసుకుంటూ గరగరమనే చిన్న చప్పుడు చేయడం. నేను పక్కనుండగా చిట్టి మొదటిసారి ఆ చప్పుడు చేసినప్పుడు, మా అమ్మని సైగ చేసి పిలిచి వినిపించాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. చిట్టి వచ్చి మూడు వారాలైంది, కుర్చీ మూడో టైలు దగ్గరికి వచ్చింది, నాకు తొందర మొదలైంది. ఒక దుకాణంలో అడిగితే "తువ్వాలుతో పట్టుకుని ఒళ్ళో గట్టిగా ఉంచండి మేడమ్, పావుగంట గింజుకుంటుంది, తరవాత అదే ఊరుకుంటుంది, భయం పోతుంది" అన్నారు. చేశాను. గింజుకుంది, అరిచింది, తువ్వాలులోంచి నా వేలు కరిచింది, తరవాత నిజంగానే ఊరుకుంది. కదలకుండా ఉంది. నేను తల మీద నిమిరాను, నిమరనిచ్చింది. అమ్మతో కూడా చెప్పాను, మచ్చికైపోయిందమ్మా అని. కానీ దాని కళ్ళు పెద్దవై ఉన్నాయి, గుండె నా అరచేతిలో ఎంత వేగంగా కొట్టుకుంటోందంటే కొట్టుకోవడంలా లేదు, వణుకులా ఉంది. అది ఊరుకోవడం కాదు, ఇక చచ్చిపోతాననుకుని వదిలేయడం. మర్నాడు నేను నాలుగో టైలు దగ్గర కూర్చున్నా వెనక మూలకి వెళ్ళి గోడ వైపు తిరిగింది. తినలేదు. మూడు వారాల పని పావుగంటలో పోయింది, మళ్ళీ ఆ గింజ తినే రోజు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ తువ్వాలు నీలం రంగుది, ఇప్పటికీ ఆ రంగు బట్ట ఏది కనిపించినా తురాయి లేస్తుంది. కాబట్టి ఎవరైనా బలవంతంగా పట్టుకోమని చెప్తే దయచేసి వినకండి. తోలు గ్లౌజులు కూడా వద్దు. చేతికి భయపడే పక్షికి గ్లౌజు ఇంకా పెద్ద చెయ్యి.

మరి చెయ్యి ఎలా పరిచయం చేయాలి? తిండితో. ఇక్కడ మన దగ్గర ఒక మంచి వస్తువు ఉంది, కొర్ర కంకి. ఆన్‌లైన్‌లో ప్యాకెట్ చేసి, మిల్లెట్ స్ప్రే అని పేరు పెట్టి బోలెడు ధరకి అమ్మేది చాలావరకు ఇదే. అనంతపురం, కర్నూలు వైపు చుట్టాలున్నవాళ్ళు కంకులే తెప్పించుకోండి, మందులు కొట్టనివి చూసుకుని. చిన్న పక్షులకి దాని మీద ఎంత ఇష్టమంటే భయం కూడా కాస్త పక్కకి జరుగుతుంది. మొదట జానెడు కంకి, చివర మాత్రం దానికి అందేలా, మీ చెయ్యి రెండో చివర, పంజరం బయటే ఉండాలి. కమ్మీల మధ్య నుంచి ఇవ్వండి. తిన్నంతసేపు కదలకండి. రోజులు గడిచేకొద్దీ కంకిని పొట్టిగా పట్టుకోండి. ఈ ఒక్క రుచి మాత్రం కప్పులో వేయకండి, మీ చేతిలోనే దొరకాలి. అలాగని పక్షిని పస్తు పెట్టి మచ్చిక చేయడం మహాపాపం, వంద గ్రాములు కూడా ఉండని ఒంటికి ఆకలిని ఓర్చుకునే శక్తి ఉండదు. మామూలు తిండి ఎప్పుడూ కప్పులో ఉండాల్సిందే. పొద్దుతిరుగుడు గింజలు కూడా ఇష్టమే కానీ కొవ్వెక్కువ, రోజుకి నాలుగైదు, అదీ బహుమానంగానే.

పంజరం తలుపు తీసి పెట్టే దశకి వచ్చాక ఐస్‌క్రీమ్ పుల్లతో ఒక ఆట మొదలుపెట్టాను. పుల్ల చివర దూరంగా చూపిస్తాను, దాన్ని ముక్కుతో తాకితే వెంటనే "భేష్" అని ఒక గింజ. వెంటనే అంటే ఆ క్షణమే, మీరు డబ్బా మూత తీసే లోపల అది ఇంకో పని చేసేస్తుంది, బహుమానం ఆ పనికి చేరిపోతుంది. అందుకే గింజలు ముందే చేతిలో ఉంచుకోవాలి. మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, రోజుకి రెండుసార్లు చాలు, అదింకా ఆడాలనుకుంటున్నప్పుడే ఆపేయాలి. ఈ పుల్లతో పక్షి మీ దగ్గరికి వస్తుంది, మీరు దాని దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. రావాలా వద్దా అన్నది దాని చేతిలో ఉంటుంది. పుల్లని కాస్త అటు పెడితే అటు నడుస్తుంది, ఇటు పెడితే ఇటు, ఒకరోజు మధ్యలో నా చెయ్యి అడ్డంగా ఉంది, బల్ల మీద ఆనించి, కదలకుండా. పుల్ల అవతల. చిట్టి వచ్చింది, చెయ్యి చూసింది, తల ఇటు వంచి ఒక కన్నుతో, అటు వంచి ఇంకో కన్నుతో చూసింది, ముక్కుతో నా చూపుడువేలుని నెమ్మదిగా పట్టి చూసింది. కరవలేదు, కొమ్మ గట్టిదా కాదా అని చూసుకున్నట్టు. వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాడు ఒక కాలు పెట్టి తీసేసింది. నాలుగో రోజు రెండు కాళ్ళూ పెట్టి ఎక్కి, అటు దిగి, పుల్లని తాకి, గింజ తీసుకుంది. ఆ పాదాలు ఎంత వెచ్చగా, ఎంత తేలిగ్గా ఉంటాయో చెప్పలేను. మా ఇంటికొచ్చిన నూట పద్నాలుగో రోజు అది, నోట్‌బుక్కులో రాసుకున్నాను.

చెయ్యి ఎక్కించుకోవాలనుకున్నప్పుడు వేలు పొట్ట కింద, కాళ్ళకి కాస్త పైన, పక్క నుంచి తీసుకురండి, పైనుంచి కాదు. ఎక్కకపోతే పొట్టని తోయకండి. చెయ్యి తీసేయండి, నవ్వండి, వేరే పని చూసుకోండి.

ఇల్లంతా కలిసి చేయాల్సిన పని ఇది, ఒక్కరితో కాదు. మా అమ్మ చీపురు తెస్తే చిట్టి కొట్టుకునేది, అందుకే ముందు చీపురుని హాలు చివర ఊరికే ఆనించి పెట్టి, కొన్నాళ్ళకి దగ్గరగా తెచ్చాం. పంజరం ఒక వైపు గోడకి ఉండాలి, అప్పుడు నాలుగు వైపులా కాపలా కాయక్కర్లేదు. వంటింట్లో అస్సలు వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకి తెలియకపోవచ్చు, పక్షి మాత్రం నిమిషాల్లో చనిపోతుంది. పక్షి బయట ఉంటే సీలింగ్ ఫ్యాన్ ఆపడమే కాదు, స్విచ్ మీద కాగితం అంటించండి, ఎవరో ఒకరు అలవాటుగా నొక్కేస్తారు. కాకటీల్స్‌కి రాత్రిపూట హఠాత్తుగా బెదిరి రెక్కలు కొట్టుకునే గుణం ఉంది, బల్లి పాకినా చాలు. జీరో బల్బు ఒకటి వెలగనిస్తే కమ్మీలకి తగిలి రెక్కలు విరగ్గొట్టుకోకుండా ఉంటుంది.

ఇంకొక విషయం మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈకలు ఉబ్బించుకుని, రోజంతా మగతగా, పంజరం నేల మీద కూర్చుంటున్నా, ఊపిరితో పాటు తోక పైకి కిందికి ఊగుతున్నా అది భయం కాదు, జబ్బు. పక్షులు చివరిదాకా జబ్బు దాచుకుంటాయి. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, పక్షుల్ని చూసే అలవాటున్న డాక్టర్‌కి. బెదురనుకుని వదిలేస్తే మిగలదు.

ఆ వెనక ఉన్నాయన ఏదో అడుగుతున్నారు... రెక్కలు కత్తిరిస్తే త్వరగా మచ్చికవుతుందంటున్నారు, నిజమేనా అని. అలా అనిపిస్తుందండి, ఎందుకంటే ఎగరలేదు కాబట్టి మన దగ్గరే ఉంటుంది. ఎగిరిపోగలిగే పక్షికి భయమేస్తే ఎగిరిపోతుంది, ఎగరలేని దానికి కరవడమొక్కటే దారి. చిట్టికి ఈకలు రాలి కొత్తవి వచ్చేసరికి నెలలు పట్టింది. కొత్త రెక్కలు వచ్చాక మొదటిసారి ఎగిరి కర్టెన్ రాడ్ మీద వాలింది, గంటన్నర అక్కడే ఉంది. నేను కింద కూర్చుని ఈల వేస్తూ ఉన్నాను. గుంపులో పక్షులు ఒకదాన్నొకటి కేకేసుకుంటాయి, "ఉన్నావా" అంటే "ఉన్నా" అని. నేను వేరే గదిలోకి వెళ్ళగానే చిట్టి వేసే కేక అదే, దానికి నేను రెండు స్వరాల ఈలతో బదులిస్తాను, ఎప్పుడూ అదే ఈల. ఆ రోజూ అదే వేశాను. దిగి నా భుజం మీదికి వచ్చింది. పట్టుకోవడానికి నేను స్టూల్ ఎక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవాలనిపించదు.

దీపావళికా అండీ? లోపలి గదిలో పెట్టి, తలుపులు, కర్టెన్లు వేసి, లైటు వెలగనిచ్చి, దానికి అలవాటైన రేడియోనో పాటలో పెట్టి, మీలో ఒకరు అక్కడే కూర్చోండి. నేను ప్రతి ఏడూ కూర్చుంటాను.

ఇక పాప అడుగు... దాని పేరు మిఠాయా, బాగుంది. ఇవాళే తెచ్చారా? ఇంటికెళ్ళాక ముందేం చేయాలంటే, పంజరంలో నీళ్ళు, గింజలు పెట్టి, దాన్ని ఒక వైపు గోడకి ఆనించి ఉంచు. చున్నీ మొత్తం లాగేయకు, ముందువైపు మాత్రం సగం పైకి మడిచిపెట్టు, వెనక, పక్కలు మూసే ఉండాలి, అప్పుడు దానికి దాక్కునే చోటు ఉంటుంది. తరవాత గదికి అవతలి చివర నేల మీద కూర్చుని నీ హోంవర్క్ చేసుకో. దాని వైపు చూడాలని చాలా అనిపిస్తుంది. నువ్వు హోంవర్కే చూడు. అది నిన్ను చూస్తుంది.